మీటరు పోయిన ఏడాది నుంచి లెక్క

ఎండలు ముదిరి బోర్లు ఒట్టిపోతే చాలు, భూగర్భజలం అడుగంటడానికి కారణమేంటన్న పాత తగువు మళ్లీ మొదలవుతుంది. అధికారులు వాతావరణ మార్పు అంటారు. నిపుణులు ఉచిత కరెంటు అంటారు. మోటార్లకు మీటర్లు అనగానే రైతులు రోడ్డెక్కుతారు. కాకతీయుల చెరువులు, మోటబావుల కథ అందరికీ తెలిసిందే. అసలు మలుపు 1983.

ఎన్టీఆర్ ప్రభుత్వం అప్పట్లో వ్యవసాయ మోటార్లకు హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయల శ్లాబు తెచ్చింది. ఎంత తోడినా బిల్లు అంతే, ఇక మీటరుతో పనిలేదు. 2004 మే 14న వైఎస్ ప్రమాణ స్వీకారం రోజునే ఉచిత విద్యుత్ ఫైలుపై సంతకం పెట్టారు. అప్పుడు పోయింది బిల్లు మాత్రమే, లెక్క ఏనాడో పోయింది. నడుమ 2000 ఆగస్టు 28న కరెంటు ఛార్జీలపై ఆందోళన, బషీర్‌బాగ్ కాల్పులు. ఆ తర్వాత మీటరు మాటెత్తడానికే ప్రభుత్వాలు జంకాయి.

రైతులు చెప్పేది వేరు. కాలువ కింద వాళ్లకు ప్రభుత్వమే నీళ్లిచ్చింది, మెట్ట రైతు సొంత అప్పుతో తవ్వుకున్నాడు. తెలంగాణ, రాయలసీమల్లో చాలాచోట్ల అడుగున గ్రానైటే. పైపొర ఎండితే రాతి పగుళ్లలో ఎంతుంటే అంతే. పక్క చేలో బోరు పడితే మన నీళ్లు తగ్గుతాయి, ఇంకా లోతుకు పోవాలి. తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి వచ్చిన బోరు తవ్వే రిగ్గు లారీ వెళ్లిపోయాక చాలామందికి మిగిలేది అప్పే. ఇక కరెంటు ఏ వేళకొస్తుందో తెలియని రోజుల్లో, అది రాగానే మోటారును దానంతటదే నడిపే ఆటో స్టార్టరు పెట్టుకున్నారు. మడి నిండి పొర్లినా మోటారు ఆగదు. దీన్ని దుబారా అనొచ్చు. అర్ధరాత్రి మోటారు వేయడానికెళ్లి పాముకాటుకో షాక్‌కో పోయినవాళ్లున్న ఊళ్లో ఆ మాట అనడం కష్టం.

కొత్త బోరుకు అనుమతి, తాగునీటి వనరుకు 250 మీటర్ల దూరం అంటూ 2002లో నీరు, భూమి, చెట్ల రక్షణకు వాల్టా చట్టం వచ్చింది. రిగ్గులు ఆగలేదు.

మరి వాతావరణం? వేడి పెరిగితే పైరు ఎక్కువ నీరు తాగుతుంది, అది నిజమే. వానల సంగతే తికమక. ఉత్తరాదిన నిదానపు వానలు, దక్షిణాదిన భారీ వానలు భూగర్భజలాన్ని నింపుతున్నాయని 2018లో గాంధీనగర్ ఐఐటీ పరిశోధకులు తేల్చారు. అంటే కుండపోతను ఒక్కదాన్నే తిట్టి లాభం లేదు, అది నిలిచే చెరువు పూడిపోకుండా ఉండాలి. తెలంగాణ 2015లో మిషన్ కాకతీయ పేరిట పూడిక తీయించింది అందుకే.

2020లో ఆంధ్రప్రదేశ్ శ్రీకాకుళంలో ప్రయోగాత్మకంగా మళ్లీ మీటర్లు మొదలుపెట్టింది. బిల్లు డబ్బు ముందే రైతు ఖాతాలో వేస్తామంది. వేయడం ఆగిపోతే ఎవరు కట్టాలన్నది రైతుల అనుమానం.