ఒక్క 'బి' వస్తే కొంప మునుగుతుందా? కాలేజీ అడ్మిషన్ల అపోహలు - వాస్తవాలు

అమెరికాలో హైస్కూలు పిల్లలకు కాలేజీ అప్లికేషన్లలో సాయం చేయడం నా పని. జనవరిలో మొదటి సెమిస్టర్ గ్రేడ్లు వచ్చే రోజుల్లో నా ఫోన్ రాత్రి పదకొండు దాటినా మోగుతూనే ఉంటుంది. మొన్న ఒకావిడ ఫోన్ చేసి కాసేపు మాట్లాడలేకపోయారు. ఇంట్లో ఎవరికైనా బాగోలేదేమోనని కంగారుపడ్డాను. తీరా చూస్తే, పదకొండో గ్రేడ్ చదివే వాళ్లమ్మాయికి ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) కెమిస్ట్రీలో 89.4 వచ్చింది. 89.5 వచ్చుంటే 90 కింద లెక్కేసి 'ఎ' ఇచ్చేవారట. ఇప్పుడు 'బి ప్లస్'. "ఇక పెద్ద కాలేజీల మీద ఆశ వదులుకోవాల్సిందేనా అండీ?" అని అడిగారు.

అపోహ: ఒక్క 'బి'తో జీపీఏ కుప్పకూలుతుంది.

జీపీఏ అంటే గ్రేడ్ల సగటు, 'ఎ'కి 4 పాయింట్లు, 'బి'కి 3. లెక్క వేసి చూడండి. సెమిస్టర్‌కు 6 సబ్జెక్టుల చొప్పున మూడేళ్లకు 36 గ్రేడ్లు. అందులో 35 'ఎ'లు, ఒక్క 'బి' ఉంటే 4.0 కాస్తా 3.97 అవుతుంది. పైగా స్కూలు వేసిన జీపీఏనే అన్ని కాలేజీలూ వాడవు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా క్యాంపస్‌లనే తీసుకోండి. వాళ్ల లెక్కలో ప్లస్‌లు, మైనస్‌లు ఉండవు. 'ఎ మైనస్' వచ్చిందని ఏడ్చిన పిల్లలకు అక్కడ అది పూర్తి 'ఎ'. తొమ్మిదో గ్రేడ్ మార్కులు జీపీఏలో కలవవు. ఏపీ కోర్సులో 'బి'కి అదనపు పాయింటు కలిసి 4 వస్తుంది, కాకపోతే ఆ అదనపు పాయింట్లు 8 సెమిస్టర్ గ్రేడ్లకు మించి ఇవ్వరు. 'బి ప్లస్' మాత్రం అక్కడ ఉత్త 'బి'యే, అదీ చెప్పాలి కదా.

అపోహ: కష్టమైన కోర్సు మానేసి తేలికైనదాంట్లో 'ఎ' తెచ్చుకోవడమే మేలు.

ట్రాన్స్‌క్రిప్ట్‌తో (కోర్సులు, గ్రేడ్ల జాబితాతో) పాటు స్కూల్ ప్రొఫైల్ కూడా కాలేజీకి వెళ్తుంది. మీ స్కూల్లో ఏయే కోర్సులు ఉన్నాయో, గ్రేడ్లు ఎలా వేస్తారో అందులో ఉంటుంది. ఏ కోర్సు తీసుకునే వీలుండీ తీసుకోలేదో వాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. కాలేజీలు ఏటా బయటపెట్టే కామన్ డేటా సెట్‌లో సీ7 అనే పట్టిక చూడండి. గట్టి పోటీ ఉండే చాలా కాలేజీలు కోర్సుల కఠినత్వం ఎదురుగా 'చాలా ముఖ్యం' అని టిక్కు పెట్టి ఉంటాయి.

అపోహ: అయితే గ్రేడ్లు తగ్గినా ఫర్వాలేదన్నమాట.

అలా అని కూడా అనను. పన్నెండో గ్రేడ్‌లో, మామూలు గడువుకు ముందే, నవంబరు 1కి ఎర్లీ అప్లికేషన్ పంపేవాళ్ల విషయంలో కాలేజీకి కనిపించే చివరి పూర్తి సంవత్సరం పదకొండో గ్రేడే. ఆ ఏడాది ఒకే సెమిస్టర్లో మూడు ముఖ్యమైన సబ్జెక్టులు కిందికి జారితే అప్లికేషన్ చదివేవాళ్లకు సందేహం రాక మానదు. ఇంజినీరింగ్‌కి అప్లై చేస్తూ క్యాల్‌క్యులస్‌లో 'సి' తెచ్చుకోవడం, చరిత్రలో 'బి' తెచ్చుకోవడం ఒకటి కావు. నా మటుకు నేను ట్రాన్స్‌క్రిప్ట్ చేతికొస్తే ముందు ఏ సబ్జెక్టో, ఎన్ని సబ్జెక్టులో, మళ్లీ లేచిందా లేదా అన్నదే చూస్తాను. అంకె ఆ తర్వాత.

అపోహ: తగ్గిన ప్రతి గ్రేడుకూ వివరణ రాసుకోవాలి.

ఎక్కువమంది చేతులారా చేసుకునే నష్టం ఇదే. ఒకబ్బాయి ఒక్క 'బి ప్లస్' గురించి పేజీ నిండా రాసుకొచ్చాడు. టీచర్ సరిగ్గా చెప్పలేదట, పరీక్ష రోజు తలనొప్పట, ఆ క్లాసులో ఎవరికీ 'ఎ' రాలేదట. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది. అంతదాకా ఎవరి కంటా పడని గ్రేడ్ ఇప్పుడు అప్లికేషన్ మొత్తానికీ హెడ్డింగ్ అయి కూర్చుంది. మొత్తం తీయించేశాను. వారం రోజులు నా మీద అలిగాడు.

నిజంగా కారణం ఉంటే మాత్రం రాయాల్సిందే. ఇంకో అమ్మాయి రాసింది ఇంతే: "మార్చిలో నాన్నకు గుండె ఆపరేషన్ జరిగింది. ఆరు వారాలు తమ్ముడి బాధ్యత నేనే చూసుకున్నాను." ఆ సెమిస్టర్ గ్రేడ్లు, తర్వాతి సెమిస్టర్ గ్రేడ్లు పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి మిగతాది అవే చెప్పాయి. ఇలాంటి సంగతి స్కూల్ కౌన్సెలర్ తన లెటర్లో రాస్తే ఇంకా మంచిది. అందుకే ముందు ఆయనకో ఆవిడకో చెప్పి పెట్టుకోండి.

అపోహ: సీటొచ్చాక చదవక్కర్లేదు.

సీటు షరతులతోనే ఇస్తారు. వేసవిలో ఫైనల్ ట్రాన్స్‌క్రిప్ట్ పంపాలి. ఒకట్రెండు 'బి'లతో సీటు పోదు. 'డి', 'ఎఫ్' వస్తే పోయే ప్రమాదం ఉంది.

అపోహ: "ఆ కెమిస్ట్రీ వల్లే సీటు రాలేదు."

నూటికి ఐదుగురిని కూడా తీసుకోని కాలేజీలున్నాయి. అన్నీ 'ఎ'లే ఉన్న పిల్లల్ని కూడా అవి పెద్ద సంఖ్యలో కాదంటాయి, ఎందుకో చెప్పవు. కారణం తెలియనప్పుడు మనమే ఒకటి వెతుక్కుంటాం. ఆ వెతుకులాట పిల్లల ముందు చేయకండి. ఏళ్ల తరబడి మోస్తారు.

89.4 అమ్మాయితో మర్నాడు మాట్లాడాను. కెమికల్ ఈక్విలిబ్రియం లెక్కల దగ్గర ఆగిపోతోందట. ఇప్పుడు వారానికి రెండు రోజులు లంచ్ టైములో టీచర్ దగ్గరకు వెళ్తోంది. వాళ్లమ్మగారిని నేను అడిగింది ఒకటే, ఫోన్‌లో గ్రేడ్ల యాప్ నోటిఫికేషన్లు ఆపేయమని. ఇంకా ఆపలేదట.