ఆరుద్ర పురుగు మీ లాన్‌లోకి ఎందుకు రాలేదంటే

చిరంజీవి చిన్నికి తాత ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మొన్న రెండు మంచి వానలు పడ్డాయి, ఊళ్ళో పత్తి గింజలు పెట్టేశారు.

ఫోన్‌లో నువ్వడిగిన ప్రశ్నకి వెంటనే జవాబు తోచక, నానమ్మ పిలుస్తోందని చెప్పి పెట్టేశాను. నానమ్మేమీ పిలవలేదు. "తాతా, మా అపార్ట్‌మెంట్‌లో ఇంత లాన్ ఉంది, నేను లెక్కపెడితే నూటయాభై చెట్లున్నాయి, ఒక్క ఆరుద్ర పురుగు కూడా రాలేదేం? రోడ్డవతల అక్క వాళ్ళ యూనివర్సిటీలో బోలెడు వచ్చాయట" అన్నావు. రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను. మీ ఫ్లోర్ పిల్లలకి కూడా చదివి వినిపించు.

ముందు పెరుగు సంగతి చెప్తాను. నవ్వకు.

మా అమ్మ రోజూ రాత్రి పాలు గోరువెచ్చగా చేసి గురిగిలో తోడు వేసేది. మేం అయిదుగురం పిల్లలం, గురిగి అడుగు గీక్కోడానికి కొట్టుకునేవాళ్ళం. అమ్మ మాత్రం చెంచాడు పెరుగు ముందే ఓ గిన్నెలోకి తీసి ఉట్టి మీద పెట్టేది. ఓ రోజు నేను దొంగతనంగా అదీ తినేశాను. ఆ రాత్రి ఇంట్లో పాలున్నాయి, తోడు లేదు. దీపాలు పెట్టాక పెరుగు ఎవరూ ఇవ్వరు, అడగనూ అడగరు. తెల్లారేసరికి పాలు విరిగి కంపు కొట్టాయి. అమ్మ తిట్టలేదు. ఆ పూట అందరికీ గొడ్డుకారంతో అన్నం పెట్టింది. తిట్టినా బాగుండేది.

మీ అపార్ట్‌మెంట్ వాళ్ళు పాలు తెచ్చారమ్మా. లారీల్లో ఎర్రమట్టి, నర్సరీ నుంచి మొక్కలు, చాపలా చుట్టిన గడ్డి. డబ్బులిస్తే వచ్చేవన్నీ తెచ్చారు. తోడు ఎక్కడా అమ్మరు. పైగా మీ లాన్ కింద ఉన్నది నేల కాదు, సెల్లార్ స్లాబు. కార్ల నెత్తిన ఉంది మీ తోట.

ఆరుద్ర పురుగుకి లోతైన నేల కావాలి. అది ఏడాదిలో చాలా భాగం మట్టిలోపలే ఉంటుంది. తొలకరి గట్టిగా పడ్డాక పైకొచ్చి, చెదపురుగుల్ని, వాటి గుడ్లని తింటుంది. దాని పిల్లలు మిడతల్లాంటి పురుగుల ఒంటిని పట్టుకుని వేలాడుతూ వాటి రసం తాగి పెరుగుతాయి. అంటే ఎర్ర మఖ్మల్ గుండీలాంటి ఆ ఒక్క పురుగు రావాలంటే చెదలుండాలి, చెదలకి ఎండుకట్టెలు రాలాలి, పిల్లలకి మిడతలుండాలి, మిడతలకి ఎవరూ కోయని గడ్డి ఉండాలి. మీ దగ్గర గడ్డి వారం వారం కోస్తారు, రాలిన ఆకు సాయంత్రానికల్లా సంచిలోకెక్కుతుంది, నెలకోసారి పెస్ట్ కంట్రోల్ వాళ్ళొస్తారు. ఇంక అదెలా వస్తుంది?

అక్క వాళ్ళ యూనివర్సిటీ, అదే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఉట్టి మీద గిన్నె. 1974లో పెట్టారు దాన్ని. మొదట్లో క్లాసులు అబిడ్స్‌లో, సరోజినీ నాయుడు గారి ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో జరిగేవి. తర్వాత గచ్చిబౌలిలో సుమారు 2,300 ఎకరాలు ఇచ్చారు. అప్పుడు అది ఊరి బయట, బండలు, ముళ్ళపొదలు. ఎవరికీ పనికిరాదనుకున్నారు కాబట్టి మిగిలింది. చుట్టూ పట్నమంతా పెరిగి గురిగి అడుగుదాకా గీక్కుంది, ఇది మాత్రం ఉండిపోయింది. పుట్టగొడుగులాంటి బండ, నెమళ్ళ చెరువు, బర్రెల చెరువు, జింకలు, నక్షత్ర తాబేళ్ళు.

పోనీ, గిన్నె ఉట్టి మీదుంటే పిల్లి ఊరుకుంటుందా? 2025 ఉగాది నాడు, మార్చి 30న, దాన్ని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి జేసీబీలు దిగాయి. ఐటీ కంపెనీలకిద్దామని ప్రభుత్వం దింపింది. యూనివర్సిటీ పిల్లలు అడ్డుపడ్డారు, అరెస్టులయ్యారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంది. ఆపాటికే వంద ఎకరాల దాకా చదునైపోయింది. ఆ భూమి ఎవరి పేరున ఉందన్నది పెద్దవాళ్ళ తగాదా, నేను మధ్యలోకి రాను. పండుగ సెలవులు చూసుకుని పని మొదలుపెట్టడం మాత్రం నాకు నచ్చలేదు. దొంగతనంగా గిన్నె దించినవాడిని కదా, ఆ తొందర నాకు తెలుసు.

కంచ అంటే నీకు తెలీదేమో. పశువుల మేతకని వదిలిన బీడు. మా ఊరికీ ఒకటుండేది. బలుసు, పరికి, రేగు, తునికి, సీతాఫలం, అన్నీ మనిషెత్తు పొదలే. దూరం నుంచి చూస్తే ఏమీ ఉండదు, లోపలికెళ్తే సాయంత్రందాకా ఇంటికి రాబుద్ధి కాదు. కౌజు పిట్టలు కాళ్ళ కిందనుంచి బుర్రున లేచేవి. ఆరుద్ర కార్తెలో జేబులో అగ్గిపెట్టె పెట్టుకుని పోయేవాడిని. ఆరుద్ర పురుగుని ముట్టుకుంటే కాళ్ళన్నీ లోపలికి ముడుచుకుని బంతైపోతుంది. కాసేపు ఊపిరి బిగబట్టి చూస్తే ముందొక కాలు చాపుతుంది. గడ్డిపోచలు పరిచి, పది పన్నెండు పెట్టెలో వేసుకుని, తలగడ కింద పెట్టుకుని పడుకునేవాడిని. పొద్దున్నే చూస్తే కదిలేవి కావు. అయినా మళ్ళీ ఏడు మళ్ళీ అదే పని.

నేను హైస్కూలుకొచ్చాక ఆ పొదలన్నీ కొట్టేసి జామాయిల్ చెట్లు పెట్టారు. వరసలు తీర్చి, దువ్వినట్టు. ఊరికి పచ్చదనం వచ్చిందని మా నాన్న కూడా మెచ్చుకున్నాడు. ముందుకంటే ఎక్కువ చెట్లు, నిజమే. కౌజు పిట్ట కూత మాత్రం మళ్ళీ వినలేదు. అందుకే "కొట్టినవాటికి రెండింతలు నాటుతాం" అని ఎవరైనా అంటే నాకు విరిగిన పాల వాసన వస్తుంది.

అక్క వాళ్ళ క్యాంపస్‌లో దొరికిన ఓ సాలీడుకి 2010లో హైదరాబాద్ పేరే పెట్టారు, మురీసియా హైదరాబాదెన్సిస్ అని. చెట్టు బెరడుకి అంటుకుని, బెరడు రంగులోనే కలిసిపోయే జాతి. అలాంటిది దాక్కోవాలంటే పగుళ్ళు తేలిన ముదురు బెరడుండాలి. నర్సరీ మొక్క కాండం నున్నగా పెన్సిల్‌లా ఉంటుంది, దాని మీద అదెక్కడ దాక్కుంటుంది చెప్పు.

కోర్టు తర్వాత ఇంకో మాటంది. ఆ వంద ఎకరాల్నీ మళ్ళీ మునుపటిలా ఎలా చేస్తారో ప్రణాళిక ఇమ్మంది. దానికి తోడు ఎక్కడిదీ? పక్కనే మిగిలిన పొదల్లోనే. పిట్ట బలుసు పండు తిని ఇక్కడ రెట్టేస్తుంది, చెద పుట్ట మెల్లగా ఇటు జరుగుతుంది. గిన్నె పూర్తిగా నాకేసి ఉంటే ఏ కోర్టు చెప్పినా పెరుగు పేరుకోదు. మరి పెరుగు ఒక్క రాత్రిలో తోడుకుంటుంది కదా అంటావేమో. ఇక్కడ నా పోలిక కుంటుతుందిలే, దీనికి ఎన్ని రాత్రులు పడుతుందో నీ మనవలు చూడాలి.

అంత చిన్న ప్రాణికి, కళ్ళు సరిగా కనిపించనిదానికి, మట్టిలో ఉండగా పైన వాన పడిన కబురెలా అందుతుందని కూడా అడిగావు. తడి దిగుతుంది, తగులుతుంది, లేస్తుంది. అంతే చెప్పగలను, కానీ అంతే అనిపించదు. నిన్నటిదాకా ఏమీ లేని నేల మీద తెల్లారేసరికి కుంకుమ చల్లినట్టు ఉంటుంది చూడూ, డెబ్భై అయిదేళ్ళొచ్చినా దాని ముందు నాకు మాట రాదు.

ఆదివారం అక్కతో చెప్పి వెళ్ళు. ముందురోజు వాన పడి ఉండాలి, ఎండెక్కకముందే చేరాలి. పొదల్లో చెద పుట్ట ఎక్కడుందో అక్కని అడుగు. దానికి రెండడుగుల దూరంలో మోకాళ్ళ మీద కూర్చుని కాసేపు కదలకు. ఒకటి కనిపించాక అన్నీ కనిపిస్తాయి. ఎన్ని చూశావో రాసి పంపు.

అగ్గిపెట్టె మాత్రం తీసుకెళ్ళకు.

ఇట్లు,
మీ తాత