నౌకలు రెండు, రాకెట్ ఒక్కటే

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి అమెరికా పంపే సరుకంతా స్పేస్‌ఎక్స్ వారి ఫాల్కన్-9 అనే ఒకే రాకెట్‌ను నమ్ముకుందన్న గొడవ మళ్ళీ లేచింది. 2025 జూన్‌లో ట్రంప్‌తో మాటామాటా పెరిగి, ఆ కంపెనీ డ్రాగన్ నౌకలను ఆపేస్తానని దాని అధిపతి మస్క్ ప్రకటించి, గంటల్లోనే వెనక్కి తగ్గినప్పుడూ ఇదే భయం. నాసా స్పేస్ షటిళ్ల విరమణ, 2012లో డ్రాగన్ తొలి రాక అందరికీ తెలిసిన కథే. మలుపు అక్కడ లేదు.

2014 అక్టోబరు 28. వర్జీనియా తీరంలోని వాలప్స్‌లో లేచిన ఆంటారిస్ రాకెట్ సెకన్లలోనే పేలి, లాంచ్‌ప్యాడ్ పక్కనే కూలింది. అది మోసుకెళ్తున్న రెండో సరుకు నౌక సిగ్నస్‌తోపాటు సుమారు 2,200 కిలోల సరుకు పోయింది. దాని ఇంజిన్లు ఏజే-26లు. సోవియట్ యూనియన్ చంద్రయాత్ర కోసం చేయించి, అది రద్దయ్యాక దశాబ్దాలు గోదాములో పడున్న ఎన్‌కే-33లకు అమెరికాలో మెరుగులు దిద్ది పెట్టిన పేరది. పాత ఇనుమని వెక్కిరించడం తేలిక. ఆ తరవాత ఆంటారిస్, సిగ్నస్‌ల కంపెనీ ఆర్బిటల్ సైన్సెస్ చేసిన పని చూడాలి.

కొత్త ఇంజిన్ కోసం మళ్ళీ రష్యాకే వెళ్ళింది. ఈసారి ఎనర్గోమాష్ వారి ఆర్‌డీ-181. మొదటి అంచె నిర్మాణం మాత్రం ఎప్పటిలాగే ఉక్రెయిన్‌లోని యుజ్‌మాష్‌ది. క్రిమియాను రష్యా కలిపేసుకుని అప్పటికి ఏడాది కూడా కాలేదు! పాత ఇంజిన్ స్థానంలో దగ్గరగా సరిపోయేది అదేనని కంపెనీ చెప్పింది. కావచ్చు.

2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలయ్యాక రెండు దేశాల సరఫరాలూ ఆగాయి. మిగిలిన రెండు ఆంటారిస్‌లలో ఆఖరిది 2023 ఆగస్టులో ఎగిరింది. ఆర్బిటల్‌ను అప్పటికే కలుపుకున్న నార్త్‌రాప్ గ్రమ్మన్, ఫైర్‌ఫ్లై అనే రాకెట్ కంపెనీతో కలిసి అమెరికా ఇంజిన్లతో ఆంటారిస్-330 చేస్తామంది. అందాకా అంటూ 2024 జనవరిలో సిగ్నస్‌ను పోటీదారు స్పేస్‌ఎక్స్ వారి ఫాల్కన్-9 ఎక్కించింది.

ఇద్దరు సరఫరాదారులుంటే ఏమిటి లాభమో 2015లో తెలిసింది. జూన్ 28న ఫాల్కన్-9 గాల్లోనే ముక్కలై, డ్రాగన్ తొమ్మిది నెలలకు పైగా ఆగిపోయింది. ఆ డిసెంబరులో సిగ్నస్ అట్లాస్-5 అనే వేరే రాకెట్ మీద వెళ్ళి సరుకు దించింది. అదే 2024 జులైలో ఫాల్కన్-9 రెండో అంచె మొరాయిస్తే, రెండు వారాలపాటు డ్రాగన్‌కూ సిగ్నస్‌కూ దారి మూసుకుపోయింది. నాసాతో సరుకు చేర్చడమే కాంట్రాక్టు, రాకెట్ ఎంపిక కంపెనీదే అన్నది కాగితం మీది మాట.

2016లో మూడో సరఫరాదారుగా ఎంపికైన సియెర్రా వారి డ్రీమ్ చేజర్ నౌక వల్కన్ రాకెట్ మీద వెళ్ళాల్సింది. 2025 సెప్టెంబరులో సవరించిన ఒప్పందం ప్రకారం, దానితో కేంద్రానికి ఇన్ని సరుకు యాత్రలు చేయించాలన్న బాధ్యత నాసాకు లేదు.