నీరు పల్లమెరుగు

1963 డిసెంబరు 30న సైప్రస్ రాజధాని నికోసియాలో బ్రిటిష్ సైనికాధికారి పీటర్ యంగ్ మ్యాపు మీద పచ్చ పెన్సిల్‌తో ఒక గీత గీశారు. గ్రీకు, టర్కిష్ సైప్రియట్ల మధ్య కొట్లాటలు ఆగడానికి గీసిన గీత అది. 1974లో టర్కీ సైన్యం దిగాక అది దీవి ఈ కొస నుంచి ఆ కొస దాకా సాగింది; ఉత్తరాన టర్కిష్ సైప్రియట్లు, దక్షిణాన గ్రీకు సైప్రియట్లు. ఇప్పుడు పొడవు సుమారు 180 కిలోమీటర్లు. పేరు మాత్రం గ్రీన్ లైనే.

మ్యాపు మీద గీత సన్నం, నేల మీద కాదు. 1:10,000 మ్యాపులో మిల్లీమీటరు మందం గీత గీస్తే, దాని కింద 10 మీటర్ల నేల పోతుంది. అంటే ఒక వీధి! రెండు పక్షాల మధ్య ఖాళీగా ఉంచి, ఐక్యరాజ్యసమితి బలగాలు కాపలా కాసే ఈ పట్టీ, అంటే బఫర్ జోన్, ఒకచోట 7 కిలోమీటర్లు దాటుతుంది. పాత నికోసియా సందుల్లో 3 మీటర్ల పైచిలుకే. ఇద్దరు మనుషులు చేతులు బార చాపి పక్కపక్కన నిలబడితే నిండిపోతుంది. ఆ బలగాలకు నాయకత్వం వహిస్తూనే మన జనరల్ తిమ్మయ్య 1965లో సైప్రస్‌లో కన్నుమూశారు.

నీళ్లకు ఇవేవీ పట్టవు. పెడియోస్ నది దక్షిణాన ట్రూడోస్ కొండల్లో పుట్టి, నికోసియా మీదుగా ఈశాన్యానికి వెళ్లి ఫామగుస్తా అఖాతం చేరుతుంది. ఊరి వాలే అటు. మురుగు కూడా అటే పోవాలి. దాన్ని గీత దగ్గర ఆపితే దక్షిణం వాళ్లు ఎదురెక్కించి పంపులతో తోడుకోవాలి, ఉత్తరం వాళ్లు ఇంకో ప్లాంటు కట్టుకోవాలి. అందుకే యుద్ధం జరిగిన నాలుగేళ్లకే, 1978లో, రెండు వైపుల మేయర్లు లెల్లోస్ డిమిట్రియాడిస్, ముస్తఫా అకింజి కూర్చుని ఉమ్మడి డ్రైనేజీకి ఒప్పుకున్నారు. పైన ఇసుక బస్తాలు, తుపాకులు. కింద ఒకే పైపు. రెండు వైపుల మురుగూ ఉత్తరాన ఒకే కేంద్రంలో శుద్ధి అవుతుంది. ఈ దీవి గురించి చదివినవాటిలో నాకు బాగా నచ్చిన సంగతి ఇదే.

పడమటి కొండల వైపు ఈ బఫర్ జోన్‌లోనే వరీషియా అని ఒక పాడుబడ్డ ఊరుంది. జనం వెళ్లిపోయారు. సేద్యం లేదు, వేట లేదు. సైప్రస్‌లో తప్ప ఎక్కడా కనబడని అగ్రినో అనే అడవి గొర్రెలు అక్కడికి చేరాయి. మగదాని కొమ్ములు కొడవళ్లలా వెనక్కి వంగి ఉంటాయి. ఉత్తరం, దక్షిణం జీవశాస్త్రజ్ఞులు కలిసి బఫర్ జోన్‌లో తిరిగి మొక్కలనూ జంతువులనూ నమోదు చేశారు. గొర్రెలు బతికినందుకు సంతోషమే. కానీ అవి మేస్తున్నది ఎవరో వదిలేసి పోయిన పెరళ్లలో.