బతికున్న రాణికి రంగస్థలం మీద అంత్యక్రియలు

మైక్ బార్ట్‌లెట్ పద్యనాటకం ‘కింగ్ చార్లెస్ 3’ని 2017 మే 10న బీబీసీ టూ ప్రసారం చేసింది. అప్పటికి ఎలిజబెత్ రాణి నిక్షేపంగా ఉన్నారు. ఆవిడ కొడుకు చార్లెస్ గద్దెనెక్కితే ఏమవుతుందో ఊహించే ఆ నాటకం మొదలయ్యేదేమో ఆవిడ అంత్యక్రియలతో. చూసినవాళ్లు రెండుగా చీలారు. బతికున్న మనిషికి కర్మ చేయడమేమిటని కొందరు బాధపడ్డారు. డయానా దెయ్యమై రాజభవనంలో తిరగడం ఆమె కొడుకులను నొప్పించడమేనని మరికొందరన్నారు. ఇంత సాహసమైన టీవీ నాటకం ఈమధ్య రాలేదని మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు.

ఇదే నాటకాన్ని 2014లో లండన్ అల్మీడా థియేటర్‌లో రూపర్ట్ గూల్డ్ దర్శకత్వంలో ఆడారు. మరుసటి ఏడాది ఉత్తమ కొత్త నాటకంగా లండన్ నాటకరంగంలో ఇచ్చే ఒలివియే పురస్కారం వచ్చింది. అక్కడికి టికెట్ కొనుక్కుని వచ్చినవారికి ఏం చూడబోతున్నారో తెలుసు. బీబీసీ అలా కాదు, 2017లో ఏటా 147 పౌండ్ల లైసెన్స్ ఫీజు కట్టిన ప్రతి ఇంటికీ వచ్చేది. ‘మా డబ్బుతో మా రాణినా?’ అన్న కోపం ఆ టీవీ ప్రేక్షకులది.

కోపం వెనుక చరిత్ర పెద్దది. షేక్‌స్పియర్ ‘రిచర్డ్ 2’ నాటకంలో రాజు కిరీటం వదులుకునే ఘట్టం ఎలిజబెత్ 1 కాలంలో అచ్చయిన ప్రతుల్లో లేదు. 1608 ప్రతిలోగానీ కనపడలేదు. 1601 ఫిబ్రవరి 7న ఎసెక్స్ ప్రభువు అనుచరులు మామూలు రాబడికి పైన 40 షిల్లింగులిచ్చి మరీ ఆ నాటకం ఆడించుకున్నారు. మర్నాడే రాణి మీద తిరుగుబాటు. 1737 చట్టంతో ప్రతి కొత్త నాటకానికీ ముందుగా లార్డ్ చాంబర్లేన్ అనే రాజగృహ అధికారి అనుమతి తప్పనిసరైంది. విక్టోరియా చనిపోయి మూడు దశాబ్దాలు దాటినా ఆవిడ పాత్ర ఉన్న నాటకాన్ని బహిరంగంగా ఆడనిచ్చింది 1937లోనే. ఆ సెన్సారు 1968 సెప్టెంబరులో పోయింది. అంటే 2017లో టీవీ ముందు కూర్చున్న పెద్దవాళ్లు చాలామంది ఆ కట్టడి ఉన్న రోజుల్లో పెరిగినవారే.

కథకు ఇరుసు ఒక బిల్లు. పత్రికలకు కళ్లెం వేసే ఆ బిల్లు పార్లమెంటు దాటి రాజామోదానికి వస్తుంది. చార్లెస్ సంతకం పెట్టడు. పత్రికలు చేసిన ఫోన్ల హ్యాకింగ్‌పై లెవిసన్ విచారణ జరిగి, పత్రికల నియంత్రణ మీద ఇంకా రగడ నడుస్తున్న రోజులవి కాబట్టి ఈ బిల్లు ఊరికే పుట్టింది కాదు. ఆమోదం నిరాకరించే అధికారం కాగితం మీద ఇప్పటికీ ఉంది. చివరిసారి వాడింది 1708లో ఆన్ రాణి, స్కాట్లండ్ సైనికదళాల బిల్లు మీద. నాటకం గట్టిగా నిలబడే చోటు ఇదే.

జారే చోటు కూడా ఉంది. తర్వాత చార్లెస్ తన విశేషాధికారంతో పార్లమెంటును రద్దు చేస్తాడు. నాటకం రాసేనాటికి ఆ అధికారమే రాజుకు లేదు. 2011 నాటి నిర్ణీత కాల పార్లమెంటు చట్టం దాన్ని తీసేసింది. 2022లో గానీ తిరిగి రాలేదు. దెయ్యం మీద ఖర్చయిన కోపంలో కొంతైనా ఈ చిక్కు మీదికి మళ్లాల్సింది.

ఇక పద్యం. ఇప్పటి మనుషులు అలా మాట్లాడతారా అని విసుక్కున్నవాళ్లున్నారు. ఈ నాటకం పద్యంలో పాదానికి ఐదు లగాలు, అంటే లఘువు వెంట గురువు చొప్పున పది అక్షరాలు, అంత్యప్రాస ఉండదు. ఇంగ్లీషులో మాత్ర బదులు ఊనిక, అంటే పలికేటప్పుడు పడే ఒత్తు, లెక్క. శివతాండవ స్తోత్రం నడిచే పంచచామరంలో ఇవే లగాలు ఎనిమిది. మన అక్షరాల్లో ఐదు లగాల పాదం ఇలా ఉంటుంది: ‘సదా నిరీక్ష చేసి రాజునై’. దీన్నే వచనంలో చెబితే చార్లెస్ ఎన్నేళ్లు ఎదురుచూశాడో లెక్కగట్టిన వార్తలా వినిపిస్తుంది. పద్యం ఆ మనిషిని షేక్‌స్పియర్ చరిత్ర నాటకాల రాజుల వరుసలో నిలబెట్టింది. దెయ్యం, స్వగతం, కిరీటం పోవడం అన్నీ ఆ సంప్రదాయంలోవే. ఆ వరుస తెలిసిన ప్రేక్షకుడికి డయానా ఎగతాళిగా తోచదు.

చార్లెస్ పాత్రధారి టిమ్ పిగాట్-స్మిత్ ప్రసారానికి నెల ముందు, ఏప్రిల్ 7న కన్నుమూశారు. అసలు చార్లెస్ యువరాజు గద్దెనెక్కేటప్పుడు జార్జ్ 7 అనే పేరు పెట్టుకోవచ్చన్న ఊహాగానాలు ఎన్నో ఏళ్లు నడిచాయి. 2022 సెప్టెంబరు 8న ఆయన పెట్టుకున్నది నాటకంలోని పేరే.