బురదలో మిగిలేది నడక

"లక్షల ఏళ్ళ నాటి అడుగు దొరకగానే అది మనిషి పూర్వచుట్టాల్లో ఫలానా జాతిదని ఎలా చెప్పేస్తారండీ, దాని మీద పేరేమైనా రాసుంటుందా?" అని మొన్నొకరు అడిగారు.

రాసుండదు. పాదముద్రలో ఎముక ఉండదు, డీఎన్‌ఏ ఉండదు. వయసు కూడా దాన్ని బట్టి తెలియదు, కిందా పైనా ఉన్న అగ్నిపర్వతపు బూడిద పొరల్ని బట్టి లెక్కగడతారు. మరి పేరు? చుట్టుపక్కల దొరికిన ఎముకల్ని చూసి పెట్టేస్తారు. టాంజానియాలోని లేటోలిలో 1978లో ఆదిమానవుల అవశేషాల్ని తవ్వితీసే శాస్త్రవేత్త మేరీ లీకీ బృందం బయటపెట్టిన అడుగులు 36.6 లక్షల ఏళ్ళ నాటివి. అక్కడి పొరల్లోనే ఆస్ట్రలోపితెకస్ అఫరెన్సిస్ అనే, రెండు కాళ్ళ మీద నడిచిన మన పాత చుట్టాల జాతి దవడ దొరికింది కాబట్టి అడుగులూ వాళ్ళవే అన్నారు. వాకిట్లో అడుగు కనిపిస్తే ఇంటివాళ్ళదే అనుకున్నట్టు! చుట్టాలొచ్చి ఉండొచ్చుగా? ఇథియోపియాలోని బుర్టెలేలో 34 లక్షల ఏళ్ళ నాటి పాదం ఎముకలు దొరికాయి. ఆ బొటనవేలు కొమ్మను పట్టుకునేలా పక్కకి తిరిగి ఉంది. అంటే అఫరెన్సిస్ కాలంలోనే మరో రకం పాదం కూడా తిరుగుతోంది.

రాతిలో కాలి ఆకారపు గుంట కనిపిస్తే దేవుడిదో రాక్షసుడిదో అనేవాళ్ళని చూసి నవ్వుతాం. శాస్త్రజ్ఞులూ తక్కువ తినలేదు. లేటోలిలోనే 1976లో దొరికిన మరో అయిదు పాదముద్రల వరసని కొందరు ఎలుగుబంటిదన్నారు. 2019లో మళ్ళీ తవ్వి చూస్తే రెండు కాళ్ళ మీద నడిచిన మన చుట్టానివే అని తేలింది. ఆ ఫలితం 2021లో అచ్చయింది.

కాబట్టి ముద్రనే చదవాలి. నాకు భలే ఇష్టమైన సంగతి ఇక్కడే ఉంది. ముద్ర అంటే అరికాలికి పోతపోసిన అచ్చు కాదు. తడిమట్టిలో ఒక్క అడుగు నిదానంగా వేసి చూడండి. ముందు మడమ దిగుతుంది. బరువు ముందుకి జారుతుంది. మడమ లేస్తూంటే పాదం ముందుభాగం వేళ్ళ మీదుగా దొర్లుతూ ఇంకాస్త లోతుకి కుంగుతుంది. ఈ రెండు గుంటల మధ్య మట్టి మిట్టగా మిగులుతుంది. చాన్నాళ్ళు ఆ మిట్టని చూసే "పాదానికి వంపుంది" అని తేల్చేవారు. పాదముద్రల మీద పరిశోధించే కెవిన్ హటాలా, సహచరులు మనుషుల్ని బురదలో నడిపించి, మట్టి లోపల పాదం ఎలా కదులుతోందో రెండు వైపుల నుంచి ఎక్స్‌రే వీడియోలు తీశారు. ఆ మిట్టని చేసేది పాదం దొర్లిన తీరు అని 2023లో చూపించారు. అంటే ముద్రలో పడేది నడక!

మరుసటేడే దీనికి పని పడింది. కెన్యాలో తుర్కానా సరస్సు పక్కన కోబి ఫోరాలో, 15 లక్షల ఏళ్ళ నాటి ఒకే బురద పొర మీద, గంటల తేడాతోనో మహా అయితే కొద్ది రోజుల తేడాతోనో పడ్డ అడుగులు బయటపడ్డాయి. విడిగా ఉన్న మూడింటిలో మన నడకలాంటి మిట్ట ఉంది. పన్నెండు పాదముద్రల వరసలో మాత్రం అడుగు చదునుగా ఉంది, బొటనవేలి కోణం కూడా అడుగడుక్కీ మారుతోంది. మనకున్న దానికన్నా కాస్త ఎక్కువ కదిలే వేలన్నమాట.

మొదటివి మనకి దగ్గరి చుట్టమైన హోమో ఎరెక్టస్‌వి, రెండోవి దూరపు చుట్టమైన పరాంత్రోపస్ బోయిసైవి అన్నారు. ఈ పేర్లెక్కడివి? ఆ ప్రాంతంలో ఆ కాలపు పొరల్లో దొరికిన ఎముకల నుంచే. మళ్ళీ వాకిలీ, ఇంటివాళ్ళూ! కాకపోతే ఈసారి రెండు కాపురాలూ ఒకే వాకిట్లో తిరిగాయని చెప్పింది బురదే.