తొలిచూపు ప్రేమలో చూపు ఎంత, ప్రేమ ఎంత?

తొలిచూపులోనే ప్రేమ పుడుతుందా, లేక అది ఆకర్షణ మాత్రమేనా అన్న ప్రశ్నను పరీక్షకు పెట్టడం కష్టం, ఎందుకంటే ఆ చూపులు కలిసే వేళకు పక్కన పరిశోధకులెవరూ ఉండరు. సాధారణంగా మనకు దొరికేది ఏళ్లు గడిచాక దంపతులు నెమరువేసుకుంటూ చెప్పే కథ. ఆ కథను ఎంతవరకు నమ్మవచ్చో కెనడా మనస్తత్వ శాస్త్రవేత్తలు మెక్‌ఫార్లండ్, రాస్ 1987లో చూపించారు. ప్రేమలో ఉన్నవారు తమ జోడీ గురించి ఏమనుకుంటున్నారో ఒకసారి రాయించుకుని, కొంతకాలం తరువాత, అప్పట్లో ఏమని రాశారో గుర్తు చేసుకోమన్నారు. ఈలోగా అనురాగం పెరిగినవారు మొదటి అభిప్రాయం కూడా నిజానికి రాసిన దానికంటే గొప్పగా ఉండేదని చెప్పారు. పదేళ్లు కాపురం చేసినవారు 'చూడగానే తెలిసిపోయింది' అంటే అందులో అబద్ధమేమీ ఉండకపోవచ్చు, కానీ అది ఆనాటి సాక్ష్యమని మాత్రం చెప్పలేం.

అందుకే నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనానికి విలువ ఉంది. వారు 396 మందితో పనిచేశారు. కొందరికి అపరిచితుల ఫొటోలు చూపించారు, మరికొందరిని ముఖాముఖి కలిపారు, అక్కడికక్కడే 'ఈ వ్యక్తిపై తొలిచూపు ప్రేమ కలిగిందా' అని అడిగి, సాన్నిహిత్యం, మోహం, కట్టుబాటు ఎంతెంత ఉన్నాయో కొలిచారు. ప్రేమకు ఈ మూడు కోణాలుంటాయని అమెరికన్ శాస్త్రవేత్త రాబర్ట్ స్టెర్న్‌బర్గ్ 1986లో ప్రతిపాదించాడు. తొలిచూపు ప్రేమ కలిగిందని చెప్పినవారిలో ఈ మూడింటిలో ఏదీ చెప్పుకోదగినంత ఎక్కువగా లేదు, చివరికి మోహం కూడా. ఎదుటి మనిషి అందంగా కనిపించడమే వారిలో స్పష్టంగా తేలింది. ముఖాముఖి కలిసినవారిలో ఒక్క జంట విషయంలోనైనా ఆ భావన ఇద్దరికీ కలగలేదు. కథల్లో ఎప్పుడూ రెండు వైపులా ఒకేసారి మెరిసే మెరుపు ఇక్కడ ఒక వైపే మెరిసింది.

అంతమాత్రాన ఆ భావన వట్టిదని కొట్టిపారేయలేం. 2006లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో విల్లిస్, టొడొరొవ్ ముఖాల ఫొటోలను సెకనులో పదో వంతు సేపు మాత్రమే చూపి, ఈ మనిషి ఆకర్షణీయుడా, నమ్మదగినవాడా అని అడిగారు. తీరికగా చూసి చెప్పినవారి తీర్పుకూ ఈ తీర్పుకూ దగ్గరి పోలిక కనిపించింది. ఇంకాస్త ఎక్కువసేపు చూడనిస్తే తీర్పు పెద్దగా మారలేదు, దానిమీద ధీమా మాత్రం పెరిగింది. ముఖం చూసి గుణం నిర్ణయించుకోవడం, ఆ నిర్ణయాన్ని అవతలి మనిషి స్వభావంగా నమ్మేయడం అంత వేగంగా జరిగిపోతాయన్నమాట.

మెదడులో జరిగేది చూస్తే ఆకర్షణనూ ప్రేమనూ వేరుచేయడం ఎందుకంత కష్టమో తెలుస్తుంది. ఆర్థర్ ఆరన్, హెలెన్ ఫిషర్, లూసీ బ్రౌన్ తదితరులు 2005లో గాఢమైన ప్రేమలో ఉన్న 17 మందికి వారి ప్రియుల ఫొటోలు చూపుతూ ఎంఆర్ఐ స్కాన్ తీశారు. కోరికను, ఉత్సాహాన్ని రగిలించే డోపమైన్ అనే రసాయనాన్ని పంపిణీ చేసే ఒక చిన్న ప్రాంతం, మెదడు నడిమి భాగంలో ఉన్నది, కుడివైపున ప్రియుల ముఖానికే ప్రత్యేకంగా స్పందించింది. అదే ప్రాంతం ఎడమవైపున మాత్రం, ముఖం ఎంత అందంగా ఉందన్న దాన్ని బట్టి స్పందన మారింది. రెండూ ఇరుగుపొరుగు ఇళ్లే. అయితే ఆ 17 మందీ సగటున ఏడు నెలలుగా ప్రేమలో ఉన్నవారన్న సంగతి పత్రికలు తరచూ వదిలేస్తాయి. ఈ స్కాన్లను తొలిచూపుకు రుజువుగా చూపడం సరికాదు.

ఇక గుండె దడ. 1974లో డటన్, ఆరన్ కెనడాలోని కాపిలానో నదిమీద, వాంకూవర్ సమీపంలో, ఒక ప్రయోగం చేశారు. దాదాపు 137 మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పున్న ఆ వేలాడే వంతెన 70 మీటర్ల లోతైన లోయ పైన ఊగుతూ ఉంటుంది. దానిమీద వెళుతున్న యువకులను ఒక యువతి ఆపి, ఒక బొమ్మ చూపి చిన్న కథ రాయించి, కాగితం మూల చించి తన ఫోన్ నంబరు రాసి ఇచ్చింది. నంబరు తీసుకున్న 18 మందిలో 9 మంది ఆమెకు ఫోన్ చేశారు. దగ్గరలోనే మూడు మీటర్ల ఎత్తున్న గట్టి చెక్క వంతెన మీద నంబరు తీసుకున్న 16 మందిలో ఇద్దరే చేశారు. భయంతో కొట్టుకున్న గుండెను ఆ యువతి పట్ల ఆకర్షణగా పొరబడ్డారన్నది పరిశోధకుల వివరణ. ఊగే వంతెన ఎక్కేవారు ముందే కాస్త సాహసికులు కావచ్చన్న అభ్యంతరం న్యాయమైనదే. 1981లో వైట్ బృందం యువకులను పరుగెత్తించి, ఆ తరువాత వీడియోలో ఒక యువతిని చూపినప్పుడు, అందంగా కనిపించిన యువతి మరింత నచ్చింది, అందవిహీనంగా కనిపించిన యువతి మరింత నచ్చలేదు. అంటే గుండె దడ ఆకర్షణను పుట్టించదు, ఉన్నదాన్ని పెంచుతుంది. పెళ్లిచూపుల్లో కాఫీ కప్పు వణికే చేతులతో అందుకున్న వారికి ఈ ప్రయోగాన్ని వివరించనక్కరలేదు.

మన అలంకారికులు, అంటే కావ్యశాస్త్రకారులు, ఈ సందిగ్ధాన్ని చాలా ముందే గమనించారు. 14వ శతాబ్దానికి చెందిన విశ్వనాథుడు, కలయికకు ముందే, చూడటం వల్లనో వినడం వల్లనో పుట్టే అనురాగాన్ని పూర్వరాగం అన్నాడు. హంస మాటలు విన్న దమయంతి రెండో కోవకు చెందుతుంది. పూర్వరాగాన్ని మళ్లీ బట్టలకు వేసే రంగులతో మూడుగా విడదీశాడు: అంతగా మెరవకపోయినా వదలని నీలిమందు రంగు, మెరిసి వెలిసిపోయే కుసుమపూల రంగు, మెరుస్తూనే నిలిచే మంజిష్ఠ వేరు రంగు. బట్ట ముంచిన రోజున కుసుమరంగునూ మంజిష్ఠనూ మెరుపును బట్టి వేరుచేయలేం. నాకు తెలిసి ఈ ప్రశ్నకు ఇంతకంటే మంచి చట్రం లేదు.

ఆ తరువాత ఏమైందో ఆధునిక పరిశోధకులు కొంత వెతికారు. 2015లో హంట్, ఈస్ట్‌విక్, ఫింకెల్ 167 జంటలను పరిశీలించారు. కలిసిన కొద్దికాలానికే జతకట్టినవారిలో ఇద్దరి అందానికీ పొంతన కనిపించగా, చాలాకాలం పరిచయం తరువాత జతకట్టినవారిలో ఆ పొంతన దాదాపు లేదు. పరిచయం పెరిగేకొద్దీ అందరికీ నచ్చే రూపం స్థానంలో, ఒక్కరికే నచ్చే గుణాలు చేరుతాయని వారి భావన. నెదర్లాండ్స్‌లోనే 2007లో 137 జంటలపై జరిగిన మరో అధ్యయనంలో, తొలిచూపులోనే ప్రేమించామన్నవారు త్వరగా దగ్గరయ్యారు, వారి స్వభావాల్లో పోలిక తక్కువగా ఉంది, అయినా వారి దాంపత్యం ఇతరులకంటే నాసిగా ఏమీ లేదు. కాకపోతే ఆ 137 జంటలూ అప్పటికి కలిసి ఉన్నవారే. తొలిచూపులో మొదలై మూడు నెలలకే ముగిసిన అనుబంధాలు ఎన్నో ఆ లెక్కలోకి రానే రాలేదు.